తీరని ఎంట్రోపీ బాకీ: లిథియం వెనడేట్‌కి కొండో కథ సరిపోదు

1997లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, ఏమ్స్ లాబొరేటరీలో డేవిడ్ జాన్‌స్టన్ బృందం ఒక నల్లటి ఆక్సైడ్ పొడి విశిష్టోష్ణాన్ని, అంటే దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో, బాగా తక్కువ ఉష్ణోగ్రతల దాకా కొలిచింది. ఆ పదార్థం లిథియం వెనడేట్. ఒక లిథియం, రెండు వెనేడియం, నాలుగు ఆక్సిజన్ పరమాణువులుండే స్పినెల్ జాతి ఆక్సైడ్. 1 కెల్విన్ దగ్గర దాని ఎలక్ట్రాన్ల వాటాగా వచ్చిన గుణకం మోల్‌కి, కెల్విన్ వర్గానికి 420 మిల్లీజౌళ్లు. దీన్నే మేం గామా అంటాం. రాగికి ఇదే గామా సుమారు 0.7. అంటే ఆరువందల రెట్ల తేడా.

అంత పెద్ద గామాలు అప్పటిదాకా సీరియం, యురేనియం లాంటి మూలకాలున్న లోహ సమ్మేళనాల్లోనే కనిపించాయి. వాటిలో ఎఫ్-ఎలక్ట్రాన్లుంటాయి. లిథియం వెనడేట్‌లో అవి లేవు. వెనేడియం పరివర్తన లోహం, దాని దగ్గరున్నవి డి-ఎలక్ట్రాన్లు. ఒక పరివర్తన లోహ ఆక్సైడ్‌లో ఎలక్ట్రాన్లు ఇంత బరువుగా ప్రవర్తించడం అదే మొదటిసారి. ఆ వార్త వచ్చినప్పటి నుంచి చాలామంది చేస్తున్న పని ఒకటుంది. సీరియం సమ్మేళనాల కోసం తయారైన వివరణను, అంటే కొండో ప్రభావాన్ని (ఒకచోట నిలిచిన అయస్కాంత పరమాణువును పారే ఎలక్ట్రాన్లు కమ్మేయడాన్ని), తెచ్చి ఇక్కడ కూడా తగిలించడం. సెమినార్లలో ఇప్పటికీ "డి-ఎలక్ట్రాన్ కొండో వ్యవస్థ" అని ఒక్క స్లైడ్‌తో దాటేస్తారు. అది సరిపోదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు గామా అంటే ఏమిటో చూద్దాం. లోహాన్ని బాగా చల్లబరిస్తే దాని విశిష్టోష్ణంలో రెండు భాగాలు మిగులుతాయి. ఒకటి జాలకం కంపనాలది, అది ఉష్ణోగ్రత ఘనంతో తగ్గిపోతుంది. రెండోది ఎలక్ట్రాన్లది, అది ఉష్ణోగ్రతకి అనులోమంగా తగ్గుతుంది. ఆ రెండో దాని ముందుండే గుణకమే గామా. ఎలక్ట్రాన్ల శక్తి స్థాయి ఎంత పెద్దదైతే గామా అంత చిన్నది. రాగిలో ఆ స్థాయి దాదాపు 80,000 కెల్విన్. అందుకే గది ఉష్ణోగ్రతలో కూడా రాగి ఎలక్ట్రాన్లలో చాలా కొద్ది మాత్రమే వేడిని తీసుకోగలవు. గామా ఆరువందల రెట్లు పెరిగిందంటే శక్తి స్థాయి అదే లెక్కన కుంగిపోయిందని అర్థం. వేల కెల్విన్‌ల సంగతి పోయి వందకి అటూఇటూ కెల్విన్‌ల దగ్గరే అంతా జరిగిపోతోంది. విడి ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి ఎప్పుడూ ఒకటే, అది మారదు. మారేది ఎలక్ట్రాన్ తన చుట్టూ ఉన్న మిగతా ఎలక్ట్రాన్లతో కలిసి కదిలే తీరు. 1950ల్లో లాండౌ ఇచ్చిన ఫెర్మీ ద్రవ సిద్ధాంతం ప్రకారం, ఎంత గట్టి పరస్పర చర్యలున్నా తక్కువ ఉష్ణోగ్రతలో ఈ గుంపును బరువు పెరిగిన కొత్త కణాలుగా లెక్కగట్టవచ్చు. బరువు ఎంత పెరిగిందో గామా చెబుతుంది. ఎందుకు పెరిగిందో మాత్రం గామా చెప్పదు. నా పేచీ అంతా ఈ "ఎందుకు" దగ్గరే.

సీరియం కథ ఇలా నడుస్తుంది. 1934లో లైడెన్‌లో బంగారాన్ని చల్లబరుస్తుంటే దాని నిరోధం ఒక ఉష్ణోగ్రత దాకా తగ్గి మళ్ళీ పెరగడం గమనించారు. ముప్పై ఏళ్ల తర్వాత, 1964లో, జపాన్ శాస్త్రవేత్త జున్ కొండో దానికి కారణం చెప్పారు. లోహంలో అక్కడక్కడా అయస్కాంత స్వభావం ఉన్న మలిన పరమాణువుంటే, పారే ఎలక్ట్రాన్లు దాని స్పిన్‌తో, అంటే దానిలోని బుల్లి అయస్కాంతంతో, తలపడి చెల్లాచెదురవుతాయి. చల్లబడే కొద్దీ ఆ పోరు బలపడుతుంది. చివరికి పారే ఎలక్ట్రాన్లు ఆ స్పిన్‌ను పూర్తిగా కమ్మేసి, దాని అయస్కాంతత్వాన్ని రద్దు చేస్తాయి. ఇప్పుడు మలినం అక్కడక్కడా కాకుండా ప్రతి గూటిలోనూ ఒక సీరియం పరమాణువు ఉందనుకోండి. ప్రతిదాని స్పిన్‌నూ ఎలక్ట్రాన్లు కమ్మేస్తే, ఆ మొత్తం కలిసి బాగా బరువైన ఎలక్ట్రాన్ల ద్రవంగా మారుతుంది. 1975లో సీరియం-అల్యూమినియం సమ్మేళనంలో 1,620 మిల్లీజౌళ్ల గామా కొలిచారు. 1979లో ఫ్రాంక్ స్టెగ్లిచ్ బృందం సీరియం, రాగి, సిలికాన్ కలిసిన సమ్మేళనంలో ఆ బరువు ఎలక్ట్రాన్లే అతివాహకతనూ ఇస్తాయని చూపింది. అక్కడి నుంచి ఇదొక పెద్ద రంగమైపోయింది. (1997 నాటి లిథియం వెనడేట్ పేపర్‌లో మొదటి రచయిత ఇంటిపేరు కూడా కొండోనే. ఆయన వేరు, ఈయన వేరు. కొత్తగా చదివేవాళ్లు తికమకపడుతుంటారు కాబట్టి చెబుతున్నాను.)

ఈ కథలో రెండు పాత్రలు తప్పనిసరి. కదలకుండా ఒకచోట నిలబడే స్పిన్ ఒకటి, దాన్ని కమ్మేసే పారే ఎలక్ట్రాన్లు రెండోది. సీరియంలో ఈ రెండూ పుట్టుకతోనే వేరు. ఎఫ్-ఎలక్ట్రాన్ పరమాణువు లోపల ఒదిగి ఉంటుంది, బయటి ఎలక్ట్రాన్లు పారుతుంటాయి. లిథియం వెనడేట్‌లో ఈ విభజన ఎక్కడుంది? లిథియం తన ఒక ఎలక్ట్రాన్‌ను ఇచ్చేశాక, ఆక్సిజన్‌ల వాటా పోగా, ఒక్కో వెనేడియం మీద సగటున ఒకటిన్నర డి-ఎలక్ట్రాన్లు మిగులుతాయి. అన్నీ ఒకే పెంకులోవి, ఒకే పరమాణువువి. ఆ ఒకటిన్నరలో నిలబడేది ఎవరు, పారేది ఎవరు అన్న ప్రశ్న దగ్గరే చర్చ మొదలవ్వాలి.

నేను దీన్ని వేరే దారిలో ఆలోచిస్తాను. ఎంట్రోపీ లెక్కతో మొదలుపెడతాను. ఒక వ్యవస్థ ఎన్ని రకాలుగా ఉండగలదో చెప్పే కొలతే ఎంట్రోపీ. కదలకుండా ఉన్న స్పిన్ పైకో కిందికో ఉండగలదు. రెండు అవకాశాలు. ఒక మోల్ స్పిన్‌లకు దీని ఎంట్రోపీ కెల్విన్‌కి 5.76 జౌళ్లు. సున్నా కెల్విన్‌కి చేరేసరికి ఈ మొత్తం వదిలిపోవాలి, ఉష్ణగతిక మూడో నియమం కోరేది అదే. నా దృష్టిలో ఇదొక బాకీ. ప్రతి పదార్థమూ ఏదో ఒక ఉష్ణోగ్రత దగ్గర, ఏదో ఒక రూపంలో దీన్ని తీర్చాల్సిందే. వేరే దారి లేనప్పుడు ఎలక్ట్రాన్ల ద్రవమే దీన్ని తీరుస్తుంది. అప్పుడు గామా సుమారుగా ఈ 5.76ని ఆ ద్రవం ఏర్పడే ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చేంత ఉంటుంది. లిథియం వెనడేట్‌లో ఆ ఉష్ణోగ్రత 20, 30 కెల్విన్‌ల మధ్య ఉంటుంది. 25 అనుకుందాం. భాగిస్తే వెనేడియంకి 0.23 జౌళ్లు. ఫార్ములాలో రెండు వెనేడియంలున్నాయి కాబట్టి 0.46. కొలిచింది 0.42. ఇది చేతివేళ్ల మీద వేసిన లెక్కే, కచ్చితమైన సిద్ధాంతం కాదు. అయినా ఇంత దగ్గరగా రావడం ఊరికే పోదు. ఎలక్ట్రాన్ల బరువంటే ఇక్కడ ఇంతవరకు తీరని ఎంట్రోపీయే.

ఈ కోణం నుంచి చూస్తే అసలు ప్రశ్న మారిపోతుంది. లిథియం వెనడేట్ ఇంత చల్లబడే దాకా బాకీ ఎందుకు తీర్చలేకపోయింది? మిగతా ఆక్సైడ్లన్నీ ముందే తీర్చేస్తాయి కదా. వెనేడియం సెస్క్విఆక్సైడ్‌నే (రెండు వెనేడియంలకు మూడు ఆక్సిజన్‌లు) తీసుకోండి. సుమారు 150 కెల్విన్ దగ్గర ఒక్క దెబ్బకి లోహం నుంచి ఇన్సులేటర్‌గా మారి, స్పిన్‌లన్నీ వరుసల్లో సర్దుకుంటాయి. జింక్ వెనడేట్ కూడా స్పినెలే, 50 కెల్విన్ దగ్గర దాని జాలకం ఆకారం మారుతుంది, 40 దగ్గర స్పిన్‌లు సర్దుకుంటాయి. అల్యూమినియం వెనడేట్‌లో 700 కెల్విన్ దగ్గరే వెనేడియం పరమాణువులు గుంపులు కట్టేస్తాయి. మాగ్నెటైట్ సంగతి 1939 నుంచీ తెలుసు. 120 కెల్విన్ దగ్గర దానిలోని ఇనుము అయాన్లు 2+, 3+గా విడిపోయి ఒక క్రమంలో కుదురుకుంటాయి. క్రమం ఏర్పడితే ఎంట్రోపీ పోతుంది, ఎంట్రోపీ పోతే గామాగా మిగలడానికి ఏమీ ఉండదు.

లిథియం వెనడేట్ మాత్రం ఇవేవీ చేయదు. 20 మిల్లీకెల్విన్ దాకా చల్లబరిచినా స్పిన్‌లు సర్దుకోలేదు. జాలకం ఘనాకారంలోనే ఉండిపోయింది. లోహంగానే ఉండిపోయింది. పై ఉష్ణోగ్రతల్లో దాని అయస్కాంత ప్రతిస్పందన చూస్తే వెనేడియం స్పిన్‌లు ఒకదానితో ఒకటి ఎదురుబొదురుగా నిలబడాలని కోరుకుంటున్నాయని స్పష్టంగా తెలుస్తుంది. కోరిక ఉంది, కానీ తీరలేదు.

ఎందుకు తీరలేదన్న దానికి జవాబు జ్యామితిలో ఉంది. స్పినెల్‌లో వెనేడియం పరమాణువులు చతుర్ముఖిల మూలల్లో కూర్చుంటాయి. ప్రతి మూలనూ పక్క చతుర్ముఖి పంచుకుంటుంది. ఒక చతుర్ముఖిలో నాలుగు మూలలు, ఒక్కో మూలకీ మిగతా మూడూ సమాన దూరంలో. రెండు స్పిన్‌లు ఎదురెదురుగా నిలబడగానే మూడోది ఎటు తిరిగినా ఎవరో ఒకరితో రాజీపడాల్సిందే. నాలుగోదీ అంతే. ఇలాంటి జాలకంలో సమానంగా మంచివైన అమరికలు లెక్కకు మిక్కిలిగా ఉంటాయి. ఫిలిప్ ఆండర్సన్ 1956లోనే ఈ మాట చెప్పారు. పైగా ఆయన దాన్ని స్పిన్‌లకే పరిమితం చేయలేదు. స్పినెల్‌లో రెండు రకాల అయాన్లు సగం సగం ఉన్నప్పుడు వాటి సర్దుబాటు కూడా ఇదే చిక్కులో పడుతుందని చూపించారు. ప్రతి చతుర్ముఖిలో రెండు ఒక రకం, రెండు మరో రకం ఉంటే చాలు అన్న నియమం పెడితే, దాన్ని పాటిస్తూనే అసంఖ్యాకమైన అమరికలు సాధ్యం. మంచుగడ్డలో హైడ్రోజన్‌ల అమరికకీ ఇదే నియమం. లిథియం వెనడేట్‌లో వెనేడియం సగటు విద్యుదావేశం 3.5. అంటే సగం 3+, సగం 4+. స్పిన్‌లు ఇరుక్కున్నాయి, విద్యుదావేశాలూ ఇరుక్కున్నాయి. తలుపులన్నీ ఒకేసారి మూసుకుపోయాయి. నేను ఈ పదార్థం మీద ఇంత అభిమానం పెంచుకోవడానికి కారణం ఇదే.

కొండో పక్షం వాళ్ల దగ్గర బలమైన సాక్ష్యాలు లేవని నేననను. 2000లో జపాన్ భౌతిక శాస్త్రవేత్త తకాగి బృందం ఏక స్ఫటికాల మీద కొలిచినప్పుడు, బాగా తక్కువ ఉష్ణోగ్రతలో నిరోధం ఉష్ణోగ్రత వర్గంతో పెరిగింది. ఆ గుణకం కెల్విన్ వర్గానికి 2 మైక్రోఓమ్-సెంటీమీటర్లు. దాన్ని గామా వర్గంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి సీరియం, యురేనియం సమ్మేళనాలకు 1986లో కదోవాకి, వుడ్స్ ఇచ్చిన నిష్పత్తితో చక్కగా సరిపోతుంది. అయస్కాంత ప్రతిస్పందనకీ గామాకీ మధ్య ఉండే విల్సన్ నిష్పత్తి కూడా 1, 2ల మధ్యే ఉంది. అదీ కొండో వ్యవస్థల్లాగే. 2006లో ఫొటోఎమిషన్ ప్రయోగాల్లో (కాంతితో ఎలక్ట్రాన్లను బయటికి రప్పించి వాటి శక్తి కొలిచే పద్ధతి) ఫెర్మీ స్థాయికి, అంటే ఎలక్ట్రాన్లు నిండిన స్థాయిల పై అంచుకి, 4 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టుల పైన ఒక సన్నటి శిఖరం కనబడింది. ఉష్ణోగ్రత పెరిగితే అది కరిగిపోతుంది. సీరియం సమ్మేళనాల్లో కనిపించే కొండో శిఖరం కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. 1999లోనే అనిసిమోవ్ బృందం సిద్ధాంతపరంగా ఒక దారి చూపింది. వెనేడియం చుట్టూ ఆక్సిజన్‌ల అమరిక కాస్త వంకరగా ఉండడం వల్ల మూడు డి-ఆర్బిటాళ్లు ఒకటిగా, రెండుగా విడిపోతాయి. ఆ ఒంటరి ఆర్బిటాల్‌లో ఒక ఎలక్ట్రాన్ నిలబడిపోతుంది, మిగతా రెండింటిలో అర ఎలక్ట్రాన్ పారుతుంది. నిలబడేది, పారేది దొరికాయి కాబట్టి కొండో కథ రెడీ.

నేను పరిశోధన విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఈ సాక్ష్యాలన్నీ ఒక్కసారి చూసి నమ్మేసేలా వాతావరణం ఉండేది. నా కొలతలు చూసిన ఒక సీనియర్, "కొండో అని రాసెయ్యి, రిఫరీ టెన్షన్ ఉండదు" అన్నారు. ఆ సలహా నాకు ఇప్పటికీ మింగుడుపడదు. వివరణ అనేది పేపర్ దాటించే టికెట్ అయిపోతే, పదార్థం మనకి చెబుతున్న మాట వినడం మానేస్తాం.

ఆ సాక్ష్యాలను ఒక్కొక్కటిగా తీసుకుందాం. కదోవాకి-వుడ్స్ నిష్పత్తి, విల్సన్ నిష్పత్తి రెండూ చేరిన గమ్యాన్ని గురించి చెబుతాయి. బలంగా పరస్పరం ప్రభావితమయ్యే ఫెర్మీ ద్రవం ఒకటి ఏర్పడింది, దాని బరువు ప్రధానంగా ఒక్కో పరమాణువు దగ్గర జరిగే సంఘర్షణ నుంచి వచ్చింది. అంతే. కొండో దారిలో వచ్చినా, మోట్ దారిలో (ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి వికర్షించుకుని ఎక్కడివక్కడ ఆగిపోయే మోట్ ఇన్సులేటర్ వైపు నుంచి) వచ్చినా ఆ నిష్పత్తులు దాదాపు అవే వస్తాయి. ఫొటోఎమిషన్ శిఖరానికీ ఇదే వర్తిస్తుంది. డైనమికల్ మీన్ ఫీల్డ్ సిద్ధాంతం అనే లెక్క పద్ధతిలో, ఏ కొండో మలినమూ లేని హబ్బర్డ్ నమూనాలో (గూటి నుంచి గూటికి దూకుతూ, ఒకే గూటిలో కలిస్తే వికర్షించుకునే ఎలక్ట్రాన్ల నమూనా) సైతం, మోట్ ఇన్సులేటర్‌కి దగ్గరగా వెళ్లే కొద్దీ ఫెర్మీ స్థాయి దగ్గర సన్నటి శిఖరం పుడుతుంది.

కొండో కథకి నేను పెట్టే పరీక్ష ఒకటుంది. సీరియం సమ్మేళనంలో సీరియంని కొద్దికొద్దిగా తీసేసి లాంథనం పెట్టవచ్చు. లాంథనంకి ఎఫ్-ఎలక్ట్రాన్ లేదు, మిగతా లక్షణాలన్నీ దాదాపు ఒకటే. సీరియం-రాగి సమ్మేళనంలో ఇలాగే చేశారు. సీరియం బాగా తగ్గినప్పుడు మామూలు ఒంటరి మలినపు కొండో ప్రవర్తన కనిపించింది, పెంచుకుంటూ పోతే అదే క్రమంగా బరువు ఎలక్ట్రాన్ల లోహంగా మారింది. మూలం నుంచి ఫలితం దాకా దారి మొత్తం కళ్లెదుట ఉంది. లిథియం వెనడేట్‌లో ఈ పరీక్ష పెట్టలేం. వెనేడియంని తీసేస్తే నిలబడే స్పిన్‌తో పాటు పారే ఎలక్ట్రాన్లు కూడా పోతాయి, ఎందుకంటే రెండూ దానివే. టైటానియం పెడితే ఎలక్ట్రాన్ల సంఖ్యే మారిపోతుంది. కాబట్టి "ఒంటరి వెనేడియం కొండో ప్రభావం" అన్నది ఈ జాలకంలో ఎక్కడా మొదలయ్యే చోటు లేని కథ.

ఇంతకన్నా పెద్ద అడ్డంకి హుండ్ నియమం. ఇంటర్ కెమిస్ట్రీలో చదివినదే. ఒకే పరమాణువులో వేర్వేరు ఆర్బిటాళ్లలో ఉన్న ఎలక్ట్రాన్లు తమ స్పిన్‌లను ఒకే దిక్కుకి పెట్టుకుంటాయి. కొండో ప్రభావానికి కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. పారే ఎలక్ట్రాన్ నిలబడే స్పిన్‌కి ఎదురు తిరిగితేనే దాన్ని రద్దు చేయగలదు. వెనేడియంలో హుండ్ బలం ఒక ఎలక్ట్రాన్‌వోల్టు స్థాయిలో ఉంటుంది. మనం వివరించాల్సిన శక్తి స్థాయి 25 కెల్విన్, అంటే రెండు మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు. పెద్ద బలం ఒక దిక్కుకి లాగుతుంటే, దాన్ని మించి నెగ్గే ఎదురు బలం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పకుండా కొండో అనడం సగం వివరణే. 2007లో అరితా, హెల్డ్, అనిసిమోవ్ తదితరులు చేసిన లెక్కలు ఈ విషయంలో ముందడుగు. ఆ ఒంటరి ఆర్బిటాల్‌లో ఎలక్ట్రాన్ల సంఖ్య సరిగ్గా ఒకటి కాదు, ఒకటికి కాస్త తక్కువ అని వాళ్లు తేల్చారు. అంటే అది కొద్దిగా ఖాళీ ఏర్పడిన మోట్ ఇన్సులేటర్. దాని సొంత ఎలక్ట్రాన్లే మెల్లగా కదులుతూ బరువు ద్రవంగా మారుతున్నాయి. రెండో పాత్ర అక్కర్లేదు. అనిసిమోవ్ ఈ రెండు పేపర్లలోనూ ఉన్నారని గమనించండి. లెక్క మెరుగైనప్పుడు అభిప్రాయం మారడమే శాస్త్రం బతికున్న గుర్తు, ఆయన మీద నాకున్న గౌరవం దానితో పెరిగింది.

మోట్ ఇన్సులేటర్‌కి దగ్గరైతే బరువు పెరుగుతుందని 1970లోనే బ్రింక్‌మన్, రైస్ చెప్పారు. మరైతే ప్రతి ఆక్సైడ్ మోట్ అంచున లిథియం వెనడేట్ అంత బరువెక్కాలి కదా? ఎక్కదు. లాంథనం టైటనేట్‌లో స్ట్రాన్షియం కలుపుతూ తోకురా బృందం 1993లో ఈ ప్రయాణాన్ని జాగ్రత్తగా కొలిచింది. మోట్ వైపు వెళ్లే కొద్దీ గామా పెరిగింది, నిజమే. కానీ ఇరవై మిల్లీజౌళ్ల లోపే ఆగిపోయింది. ఆ అంచున యాంటీఫెర్రో అయస్కాంత క్రమం (పక్కపక్క స్పిన్‌లు ఎదురెదురుగా సర్దుకోవడం) కాచుకుని ఉంది, బాకీ దానికి వెళ్లిపోయింది. మోట్ అంచు స్పిన్‌లను నిలబెడుతుంది. జ్యామితి వాటిని సర్దుకోనివ్వదు. రెండూ ఒకేచోట కలిసినప్పుడే 420 లాంటి సంఖ్య వస్తుందన్నది నా వాదన.

ఒక్క జ్యామితి చాలదు అనడానికి సాక్ష్యం లిథియం టైటనేట్. అదే స్పినెల్, అవే చతుర్ముఖిలు. ఒక్కో టైటానియం మీద అర ఎలక్ట్రాన్ మాత్రమే ఉండడంతో నిలబడే స్పిన్‌లే తయారవవు. 1973లో జాన్‌స్టన్, సహచరులు దానిలో అతివాహకత కనిపెట్టారు. 11 నుంచి 13 కెల్విన్‌ల మధ్య అది నిరోధం కోల్పోతుంది, గామా మామూలు స్థాయిలోనే ఉంటుంది. ఆ పాత పదార్థమే పాతికేళ్ల తర్వాత ఆయనకి మరో విధంగా పనికొచ్చింది. లిథియం వెనడేట్ విశిష్టోష్ణంలో జాలకం వాటా ఎంతో తేల్చడానికి దాన్నే కొలబద్దగా వాడారు.

చతుర్ముఖిలే తప్పనిసరి అని కూడా నేననను. రుథేనియం ఆక్సైడ్లు ఆ మాట ఒప్పుకోవు. 1994లో మాయెనో బృందం అతివాహకత కనుగొన్న స్ట్రాన్షియం రుథనేట్‌లో గామా 40కి అటూఇటూగా ఉంటుంది. అందులో స్ట్రాన్షియంలో చాలా భాగం తీసి కాల్షియం పెట్టుకుంటూ పోతే ఒకచోట 250 దాటుతుంది. అక్కడ చతుర్ముఖిలు లేవు, పొరలున్నాయి. కానీ అక్కడ కూడా నాకు అదే నమూనా కనిపిస్తుంది. పదార్థం ఒక అయస్కాంత క్రమం అంచున, ఒక జాలక మార్పు అంచున, రెండింటికీ చెందకుండా నిలబడి ఉంది. ఏ క్రమమూ నెగ్గని ఆ సన్నటి జాగాలోనే బరువు పోగవుతోంది. కాబట్టి డి-ఎలక్ట్రాన్ ఆక్సైడ్లలో బరువుకి ఒకే యంత్రాంగం వెతకడం మానేసి, క్రమాలన్నీ ఎందుకు ఓడిపోయాయో ఒక్కో పదార్థంలో విడివిడిగా అడగాలి. సీరియం కథను తెచ్చి అతికిస్తే ఆ ప్రశ్న అడగాల్సిన అవసరమే కనబడదు. నా అభ్యంతరం అదీ.

ప్రయోగాల వైపు నుంచి ఒక మాట కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సిద్ధాంతాల మీద వాదించుకునే వాళ్లు దీన్ని తరచూ మర్చిపోతారు. ఈ వాదనలన్నీ శాంపిల్ మంచిదైతేనే నిలబడతాయి. లిథియం కార్బొనేట్, వెనేడియం పెంటాక్సైడ్ కలిపి ముందు ఒక మిశ్రమం చేస్తారు. దాన్ని సెస్క్విఆక్సైడ్‌తో నూరి, గాలి తీసేసిన క్వార్ట్జ్ గొట్టంలో మూసి, 700 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చాలి. పాళ్లలో కొంచెం అటూఇటూ అయితే వేరే వెనేడియం ఆక్సైడ్ ఏదో ఒకటి మిగిలిపోతుంది. అది ఎక్స్-రేలో కనబడనంత కొద్దిగా ఉన్నా అయస్కాంత కొలతల్లో బయటపడుతుంది. జాలకంలోనే ఒక శాతం కన్నా తక్కువ దోషాలున్నా కథ మారిపోతుంది. జాన్‌స్టన్ బృందమే 2005 ప్రాంతంలో లిథియం ఎన్‌ఎంఆర్ కొలతలతో (అయస్కాంత క్షేత్రంలో కేంద్రకాల స్పందన చూసే పద్ధతి) దీన్ని చూపించింది. శుభ్రమైన శాంపిల్ చక్కటి ఫెర్మీ ద్రవంలా ప్రవర్తించింది. అయస్కాంత దోషాలున్న శాంపిల్‌లో లిథియం కేంద్రకాల సడలింపు పూర్తిగా వేరే రకంగా, ఒకే వేగం లేకుండా సాగింది. ఒకే పేరుతో ఉన్న రెండు పొడులు రెండు వేర్వేరు భౌతిక శాస్త్రాలు చెప్పాయి.

విశిష్టోష్ణం కొలవడం కూడా ఓపిక పరీక్షే. కొన్ని మిల్లీగ్రాముల బిళ్లను చిన్న వేదిక మీద గ్రీజుతో అంటించి, కాస్త వేడి ఇచ్చి, అది చల్లారే తీరు చూడాలి. గ్రీజు వాటాను ముందే కొలిచి తీసేయాలి. పొడి గట్టిగా నొక్కకపోతే బిళ్ల లోపలే వేడి సరిగ్గా పారదు. పై ఉష్ణోగ్రతల్లో జాలకం వాటా ఎంత తీసేస్తామన్న దాని మీద ఎలక్ట్రాన్ల ఎంట్రోపీ ఆధారపడుతుంది. నేను నమ్ముకున్న బాకీ లెక్క కూడా ఆ తీసివేత మీదే నిలబడి ఉంది. అందుకే ఈ రంగంలోకి వచ్చే మన పిల్లలకి నేను చెప్పే మాట, ముందు శాంపిల్ తయారు చేయడం నేర్చుకోండి. మన దేశంలో ఆక్సైడ్ల కెమిస్ట్రీకి బెంగళూరులో సి.ఎన్.ఆర్. రావు వేసిన పునాది ఉంది, నేర్పేవాళ్లున్నారు.

ఎమ్మెస్సీలో మనం చదివే సాలిడ్ స్టేట్ ఫిజిక్స్ మాత్రం ఈ దారిలో సాయం చేయడం లేదు. బ్యాండ్ సిద్ధాంతం దగ్గర సిలబస్ ఆగిపోతుంది. ఆ సిద్ధాంతం ప్రకారం నికెల్ ఆక్సైడ్ లోహం కావాలి, కానీ అది గట్టి ఇన్సులేటర్. డి బోయర్, వెర్వే ఈ సంగతిని 1937లోనే లేవనెత్తారు. అక్కడి నుంచే మోట్ ఆలోచనలు మొదలయ్యాయి. దాదాపు తొంభై ఏళ్ల కిందటి ప్రశ్న ఇప్పటికీ చాలా క్లాసు గదుల్లోకి రాలేదు. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి పట్టించుకుంటాయి అన్న చిన్న మాటను పీజీ విద్యార్థికి చెప్పకుండా దాటేయడం నాకు బాధగా ఉంటుంది. నికెల్ ఆక్సైడ్, సెస్క్విఆక్సైడ్, లిథియం వెనడేట్, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి రెండు క్లాసులు చెబితే చాలు, మొదటిది ఎలక్ట్రాన్లు ఆగిపోవడం, రెండోది ఆగడానికీ పారడానికీ మధ్య దూకడం, మూడోది ఆగలేక పారుతూ బరువెక్కడం.

ఇక ఈ మధ్య వచ్చిన ఒక ఫలితం నా వాదనకి అన్నిటికన్నా దగ్గరగా ఉంది. 2023లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, మాక్స్ ప్లాంక్ సంస్థలో తకాగి బృందం లిథియం వెనడేట్ పలుచటి పొరలను మెగ్నీషియం ఆక్సైడ్ మీద పెంచింది. లిథియం వెనడేట్ గూడు కొలత 8.24 ఆంగ్‌స్ట్రామ్‌లు. కింద ఉన్న మెగ్నీషియం ఆక్సైడ్ గూడు రెట్టింపు చేస్తే 8.42. అంటే పై పొర అడ్డంగా దాదాపు రెండు శాతం సాగాలి. సాగగానే ఘనాకారం పోయింది, నాలుగు మూలల సమానత్వం పోయింది. అంతే, బరువు లోహం మాయమై, 3+, 4+ వెనేడియంలు క్రమంగా సర్దుకున్న ఇన్సులేటర్ వచ్చింది. మాగ్నెటైట్ ఏం చేస్తుందో దాదాపు అదే. అలాంటి సాగుడు లేని పొరలు బరువు లోహంగానే ఉన్నాయి.

కొండో ప్రభావమే బరువుకి మూలమైతే, రెండు శాతం సాగదీతకి కొండో ఉష్ణోగ్రత కొంచెం అటో ఇటో జరగాలి, బరువు కొంచెం పెరగాలో తగ్గాలో. ఇక్కడ జరిగింది అది కాదు. జ్యామితి మూసిన తలుపుల్లో ఒకటి తెరుచుకోగానే బాకీ మొత్తం ఆ దారినే వెళ్లిపోయింది. ఇప్పుడు నేను చూడాలనుకునే కొలత ఒకటే. పలుచటి పొరలో పదార్థం మరీ కొద్దిగా ఉంటుంది కాబట్టి దాని విశిష్టోష్ణం నమ్మకంగా కొలవడం కష్టం. దానికి బదులు ఏక స్ఫటికాన్ని ఒకే దిక్కున కొద్దికొద్దిగా లాగుతూ, ఒక్కో మెట్టు దగ్గర గామానూ, 60 కెల్విన్ దాకా పోగైన ఎంట్రోపీనీ కలిపి కొలవాలి. గామా పడిపోతున్నప్పుడు పోయిన ఎంట్రోపీ ఏ ఉష్ణోగ్రత దగ్గర తిరిగి కనిపిస్తుందో చూడాలి. విద్యుదావేశాలు సర్దుకునే ఉష్ణోగ్రత దగ్గర అది లెక్కకి లెక్క తేలితే కొండో పక్షం వాళ్లు జవాబు చెప్పుకోవాలి. తేలకపోతే నేను చెప్పుకోవాలి.